భయానక కథామాలికలు – ప్రేక్షకుని హృదయము

భయము నెవ్వరును కోరరు. అయినను భయపెట్టు కథను అడిగి చెప్పించుకొందుము. భయపెట్టు చిత్రమును టిక్కెట్టు కొని మరీ చూతుము. ఈ వింతకు కారణమేమి? ఒకే చిత్రమున కొన్ని విడికథలను కూర్చి చూపు ఆసియా భయానక కథామాలికలను ఆధారముగా గొని యీ విషయమును పరిశీలింతము.

మన ఆలంకారికులు ఈ ప్రశ్నను ఏనాడో చర్చించిరి. భరతుడు నాట్యశాస్త్రమున పేర్కొన్న ఎనిమిది రసములలో భయానక మొకటి. వికృతధ్వనులు, భూతదర్శనము, నక్కల గుడ్లగూబల అరుపులు, శూన్యగృహములు, అరణ్యములు దీనికి విభావములు. కాలుసేతులు వణకుట, గగుర్పాటు, మోము వెలవెలబోవుట, గొంతు తడబడుట అనుభావములు. నేటి భయానక చిత్రములలో ఈ పట్టికను దాటినవి అరుదు. అభినవగుప్తుడు ఇంకొక అడుగు ముందుకు వేసెను. శాకుంతలమున దుష్యంతుని బాణమునకు వెరచి పరుగిడు లేడిని ఉదాహరించి, సహృదయుడు పొందు భయము ఆ లేడిదియు గాదు, తనదియు గాదు, దేశకాలముల కట్టు వీడిన భయమని వివరించెను. తనదే యనుకొన్నచో ప్రేక్షకుడు లేచి పారిపోవును. పరులదే యనుకొన్నచో ఆవులించును. ఆ రెంటి నడుమ నిలిచినపుడే రసము.

ఆ దూరమును నిలుపుటకు మన కథకులు వాడిన సాధనము కథలో కథ. సోమదేవుని కథాసరిత్సాగరమున బేతాళుని కథలు ఇరువదియైదు. 1947లో వెలువడిన చందమామ పుణ్యమా యని బేతాళ కథలు తెలుగు పిల్లలకు చిరపరిచితములైనవి. రాత్రి, శ్మశానము, భుజముమీద శవము – విభావము లన్నియు నచట కలవు. కాని శవము కథ ముగించి ప్రశ్న వేయును. అంతవరకు భయముతో వినిన పాఠకుడు ఆ క్షణమున ఆలోచింపవలసి వచ్చును. మన ఉర్దూ విభాగపు విద్యార్థు లెరిగిన అలిఫ్ లైలాలోను షహర్‌జాద్ ప్రాణము కథపైననే ఆధారపడి యున్నది. భయమును లోనికి రానిచ్చుట, దానినుండి వెలికి వచ్చుట – ఈ రెండును నేర్పునదే కథామాలిక.

చలనచిత్రములు ఈ మార్గమునే అనుసరించినవి. జపాను దర్శకుడు మసాకీ కొబయాషీ, లాఫ్కాడియో హెర్న్ గ్రంథములలోని కథలతో 1964లో ‘క్వైదాన్’ తీసెను. ఇందు నాలుగు కథలు. 1965లో కాన్ చిత్రోత్సవమున దీనికి ప్రత్యేక బహుమతి లభించినది. కడపటి కథ ఒక రచయిత అసంపూర్తిగా విడిచిన కథ. ముగింపును ప్రేక్షకుడే ఊహించుకొనవలెను. సత్యజిత్ రాయ్ ‘తీన్ కన్యా’ (1961)లోని మూడు కథలలో ‘మణిహారా’ ఒక్కటియే భయానకము. అందొక బడిపంతులు ముసుగు వేసికొనిన శ్రోతకు కథ చెప్పును; తుదకు ఆ శ్రోతయే కథలోని మనుష్యుడని తేలును. 2002లో కొరియా, థాయిలాండు, హాంకాంగు దర్శకులు ‘త్రీ’ అను చిత్రమును, 2004లో హాంకాంగు, కొరియా, జపాను దర్శకులు ‘త్రీ ఎక్స్‌ట్రీమ్స్’ అను చిత్రమును కూర్చిరి. ఈ రెండవదానిలో యౌవనము నిలుపుకొనగోరిన స్త్రీ తినరానిది తినును. అచట భయానకముకంటె బీభత్సమే ప్రధానము. ప్రేక్షకుడు వణకడు, మొగము త్రిప్పుకొనును.

తెలుగువాడైన రామ్‌గోపాల్ వర్మ హిందీలో నిర్మించిన ‘డర్నా మనా హై’ (2003)కు ప్రవాల్ రామన్ దర్శకుడు. కారు చెడి అడవిలో చిక్కిన మిత్రులు ఒకరి కొకరు కథలు చెప్పుకొందురు, కథలు ఆరు. దాని పిమ్మట 2006లో వచ్చిన ‘డర్నా జరూరీ హై’ని పలువురు దర్శకులు పంచుకొనిరి, అందు మన జె.డి. చక్రవర్తి ఒకడు.

ఈ చిత్రములనుగూర్చి తరగతిలో ముచ్చటించినపుడు తాడేపల్లిగూడెము నుండి వచ్చు విద్యార్థి యొకడు, “మొదటి కథకు నవ్వితిమి, రెండవదానికి ఊరకుంటిమి, మూడవదానికి తలుపువంక చూచితిమి” అనెను. కొల్లేటి గ్రామపు విద్యార్థి యొకడు చెప్పినది నన్ను మరింత ఆలోచింపజేసినది. చిత్రము చూచి రాత్రివేళ గట్టుమీద పోవుచుండగా నీటికావల వెలుగొకటి కదలినదట. చిన్ననాట వినిన కొరివిదయ్యము జ్ఞప్తికి వచ్చినదట. మరునాడు విచారింపగా అది చేపలచెరువు కావలివాని టార్చి. విచారింపక పోయినచో ఆ గట్టు అతనికి శాశ్వతముగా దయ్యముల గట్టే అయి యుండెడిది.

ఈ మాట మన ఏలూరు ప్రజలకు బాగుగా తెలియును. 2020 డిసెంబరులో వన్‌టౌను వీధులలో మనుష్యులు ఉన్నట్టుండి మూర్ఛపోయి పడిపోయిరి. ఐదువందలకు మించి ఆసుపత్రుల పాలైరి. అది చిత్రము కాదు. లేచి పోవుటకు తలుపు లేదు. వీధికొక కారణము వినబడినది. కుళాయినీరు త్రాగవలెనన్న వెరపు, ఇరుగుపొరుగు ఇండ్లకు పోవలెనన్న వెరపు. వైద్యులు, శాస్త్రజ్ఞులు నీటిని, రక్తమును, ఆహారమును పరీక్షింప మొదలిడిరి. ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షలలో రక్తమున సీసము, నికెలు కనబడినవి. పిమ్మట పురుగుమందుల అవశేషములపై అనుమానము బలపడినది. బేతాళుని ప్రశ్నవలె ఆ పరీక్షలు భయమును విచారమువైపు త్రిప్పినవి.

కావున విద్యార్థులు భయానక చిత్రములు చూడరాదని నే ననను. తెరమీది భయము తెరతో ముగియును; ముగియునని ముందే తెలిసియుండుటచేతనే అది ఆనందమగుచున్నది. ప్రశ్నింపని భయము మాత్రము వీధిలోనికి వచ్చి, ఒక గట్టును, ఒక ఇంటిని, ఒక మనుష్యుని దయ్యముగా నిలుపును. అట్టి భయము మీకు ఎదురైనప్పుడు విక్రమార్కునివలె శవమును దింపక, ప్రశ్నకు జవాబు వెదకుడు. ఆ జవాబు నొకనాడు మీ పరీక్షశాలలలోనే కనుగొందురు గాక!