దూరమాపక కెమెరా: ఎంపిక, వినియోగం, సంరక్షణ

ఛాయాచిత్రకళ నేడు ప్రతివారి అరచేతిలోనికి వచ్చినది. చేతి ఫోనుతో క్షణంలో వంద చిత్రాలు తీయవచ్చును. అట్టి కాలంలో యాభై, అరవై ఏండ్లనాటి ఫిల్ము కెమెరాను గురించి వ్యాసం వ్రాయుట ఎందుకని కొందరు విద్యార్థులు ప్రశ్నింపవచ్చును. దీనికి రెండు సమాధానాలు కలవు. మొదటిది, మన ప్రాంతంలో గల్ఫు దేశాలకు వెళ్ళి వచ్చినవారి పెట్టెలలోను, అటకల మీదను ఇట్టి కెమెరాలు ఇంకను పడియున్నవి. వాటి విలువ తెలియక కొందరు పారవేయుచున్నారు, మరికొందరు విలువ లేనిదానికి అధిక మూల్యం చెల్లించుచున్నారు. రెండవది, కాంతిని, దూరాన్ని, కాలాన్ని మన బుద్ధితో కొలిచి చిత్రం తీయుట నేర్పగల ఉపాధ్యాయుడు ఈ యంత్రమే. కనుక దీని తత్త్వాన్ని, కొనుగోలులోని మెలకువలను, మన డెల్టా వాతావరణంలో దీనిని కాపాడు విధానాన్ని వివరించుట ఈ వ్యాసం ఉద్దేశ్యం.

దూరమాపక సూత్రం

కెమెరా అను పదానికి లాటిను భాషలో గది అని అర్థం. చీకటి గదిలోనికి సన్నని రంధ్రం ద్వారా వచ్చు కాంతి, బయటి దృశ్యాన్ని గోడపై తలక్రిందులుగా చూపును. ఈ చీకటి గదిని గూర్చియు, దృష్టి సిద్ధాంతాన్ని గూర్చియు శాస్త్రీయంగా పరిశీలించినవారిలో బస్రాలో జన్మించిన ఇబ్న్ అల్ హైథమ్ అగ్రగణ్యుడు. ఆయన 11వ శతాబ్దిలో రచించిన ‘కితాబ్ అల్ మనాజిర్’ యూరపు పండితులకు శతాబ్దాల పాటు ప్రమాణ గ్రంథమైనది. తెలుగులో మనం కటకం అనుదానిని ఉర్దూలో ‘అదసా’ అందురు. ఆ అరబ్బీ మాటకు మసూరు పప్పు గింజ అని అర్థం. లాటినులోని లెన్స్ అను మాటకును అదే అర్థం. రెండువైపుల ఉబ్బిన గింజ ఆకారమే రెండు భాషలలోను ఈ పేరుకు కారణం.

ఇక దూరమాపకం సంగతి. మనం యానాం రేవున నిలిచి, గౌతమి ఆవలి ఒడ్డున ఎదుర్లంక వైపు ఉన్న ఒక తాటిచెట్టు ఎంత దూరంలో ఉన్నదో తెలిసికొనగోరితిమనుకొందము. నది దాటనక్కరలేదు. ఈ ఒడ్డుననే నూరు మీటర్ల ఎడంగా ఇద్దరు నిలిచి, చెట్టు వైపు ఏ కోణంలో చూచుచున్నారో కొలిచినచో, త్రిభుజ గణితం ద్వారా దూరం తెలియును. 1802లో విలియం లాంబ్టన్ మద్రాసులో ఒక ఆధార రేఖను కొలిచి ఆరంభించిన మహా త్రికోణమితి సర్వే ఈ సూత్రం మీదనే నడచినది.

కెమెరాలో ఆ ఇద్దరు మనుష్యులకు బదులు రెండు చిన్న కిటికీలు ఉండును. ఒక కిటికీ ద్వారా దృశ్యం సూటిగా కంటికి చేరును. రెండవ కిటికీ నుండి వచ్చు ప్రతిబింబం అద్దం లేక పట్టకం ద్వారా మొదటిదానిపై పడును. కావున వస్తువు రెండుగా కనిపించును. కటకాన్ని త్రిప్పుకొలది ఒక ప్రతిబింబం జరుగును. రెండును కలసి ఒకటైనచోట కటకం ఆ దూరానికి సరిగా కుదిరినదని అర్థం. కిటికీల నడుమ ఎడమే ఇచట ఆధార రేఖ. అది ఎంత పొడవైన కొలత అంత సూక్ష్మం. లైకా ఎం తరగతి కెమెరాలలో ఇది సుమారు 69 మిల్లీమీటర్లు, కీవ్ కెమెరాలో 90 మిల్లీమీటర్లు. అయితే కిటికీలో బొమ్మ ఎంత చిన్నదిగా కనిపించునో అంతమేరకు ఆ సూక్ష్మత తగ్గును.

సంక్షిప్త చరిత్ర

జర్మనీలోని వెట్జ్‌లార్ పట్టణంలో ఆస్కార్ బర్నాక్ రూపొందించిన చిన్న కెమెరాను లైట్జ్ సంస్థ 1925లో లైప్జిగ్ ప్రదర్శనలో లైకా పేరుతో ప్రజల ముందుంచినది. అందులో దూరమాపకం లేదు, దానిని విడిగా పైన తగిలించుకొనవలసియుండెను. 1932లో లైకా 2, జైస్ ఐకాన్ వారి కాంటాక్స్ అను రెండును కటకంతో జతపడిన దూరమాపకంతో వెలువడినవి. 1934 నుండి సోవియట్ దేశంలోని ఖార్కివ్‌లో లైకాకు అనుకరణగా ఫెడ్ కెమెరా తయారైనది. జపానులో 1936లో హన్సా కానన్, 1948లో తొలి నికాన్ వచ్చినవి. ఫ్రాన్సులో లెవల్వాకు చెందిన ఓ.పి.ఎల్. సంస్థ యుద్ధానంతరం ఫోకా అను కెమెరాను విక్రయించినది.

1954వ సంవత్సరం మనకు ప్రత్యేకంగా గుర్తుండదగినది. ఆ ఏడు నవంబరు 1న ఫ్రెంచి పాలన నుండి యానాం పరిపాలన భారతదేశానికి సంక్రమించినది. ఆ ఏడాదే లైకా ఎం 3 విడుదలైనది. చూపు కిటికీని, దూరమాపకాన్ని ఒకటిగా చేసి, కటకాన్ని చటుక్కున మార్చుకొను అమరికతో వచ్చిన ఈ కెమెరాను ఈ జాతికి శిఖరమని ఎందరో భావింతురు. 1959లో నికాన్ ఎఫ్ వచ్చిన పిమ్మట, కటకం గుండానే దృశ్యాన్ని చూపు ఎస్.ఎల్.ఆర్. కెమెరాల వైపు లోకం మొగ్గినది. అయినను దూరమాపక కెమెరా అంతరించలేదు.

దీని శక్తి ఏమిటో తెలుపుటకు ఒక్క ఉదాహరణ చాలును. ఫ్రెంచి ఛాయాగ్రాహకుడు ఆన్రీ కార్తియే బ్రెసోఁ 1947లో మన దేశానికి వచ్చి, కురుక్షేత్రంలోని కాందిశీకుల శిబిరాన్ని చిత్రించెను. 1948 జనవరి 30న ఢిల్లీ బిర్లా భవనంలో గాంధీజీని కలిసి చిత్రాలు తీసెను. ఆ సాయంకాలమే మహాత్ముడు హతుడయ్యెను. అంత్యక్రియల నాటి జనసముద్రాన్ని కూడ ఆయన చిత్రించెను. ఆయన చేతనున్నది లైకా, దానికి ఎక్కువగా 50 మిల్లీమీటర్ల కటకం. కెమెరా మెరుపు కనబడకుండుటకు దానిపై నల్లని పట్టీ అంటించుకొనెడివారు.

గుణదోషాలు

ఇందులో ఎగిరిపడు అద్దం లేదు. అందుచేత చప్పుడు తక్కువ, అదురు తక్కువ. చిత్రం తీయు క్షణాన దృశ్యం కంటికి మరుగుపడదు. అనేక కెమెరాలలో చిత్రపు హద్దులకు వెలుపలి దృశ్యం కూడ కనిపించును గాన, ఎవరు లోనికి వచ్చుచున్నారో ముందుగానే తెలియును.

దోషాలును కలవు. మనం చూచునది కటకం గుండా కాదు. కావున కటకంపై మూత ఉండిపోయినను తెలియదు. దగ్గరి వస్తువుల విషయంలో కన్ను చూచినదానికి, కటకం చూచినదానికి కొంత తేడా ఉండును. సాధారణంగా మీటరు కన్న దగ్గరకు ఈ కెమెరా పోజాలదు. 135 మిల్లీమీటర్లకు మించిన కటకాలు దీనికి తగవు. మడ అడవులలోని పక్షులను చిత్రింపగోరువారు మరొక కెమెరాను చూచుకొనవలెను. మనుష్యులను, వీధులను, సంతలను, ఇంటిలోని వెలుగును చిత్రింపగోరువారికి ఇది ఉత్తమం.

ఏది కొనవలెను?

కొనదగిన కెమెరాలను మూడు తరగతులుగా విభజింపవచ్చును.

మొదటి తరగతి కటకం మార్చుటకు వీలులేనివి. 1966లో వచ్చిన యాషికా ఎలక్ట్రో 35, కానన్ వారి కానొనెట్ క్యు.ఎల్. 17 ఇందులో ప్రసిద్ధాలు. విద్యార్థికి ఇవియే తగినవి. అయితే యాషికా షట్టరు విద్యుత్తుపై ఆధారపడినది. బ్యాటరీ లేనిచో ఒకే వేగంతో పనిచేయును. దానికి నాడు వాడిన పాదరసపు బ్యాటరీ నేడు లేదు గాన తగిన తొడుగుతో వేరొకటి అమర్చవలెను. కానొనెట్ షట్టరు బ్యాటరీ లేకున్నను పనిచేయును, కాంతిమాపకం మాత్రం పనిచేయదు.

రెండవ తరగతి సోవియట్ కెమెరాలు: ఫెడ్ 2, జోర్కీ 4, కీవ్ 4. కటకాలు మార్చుకొనవచ్చును. వెల తక్కువ, పనితనం ఒక్కొక్కదానిలో ఒక్కొక్క విధం. జోర్కీ 4లో ఫిల్మును ముందుకు త్రిప్పిన తరువాతనే షట్టరు వేగాన్ని మార్చవలెను. ఈ నియమం తప్పినచో లోపలి యంత్రం చెడిపోవును.

మూడవ తరగతి లైకా, కానన్, నికాన్, 2000 నుండి వచ్చిన వోయిట్‌లెండర్ బెస్సా ఆర్ మొదలగునవి. వెల అధికం. ఇచటనే మోసానికి తావు కలదు. ఫెడ్, జోర్కీ కెమెరాలపై లైకా పేరు చెక్కి, బంగారు పూత పూసి, యుద్ధకాలపు ముద్రలు వేసి అమ్ముదురు. కటకాన్ని విప్పి లోపల చూచినచో దూరమాపకపు మీట కనిపించును. అసలు లైకాలో దాని చివర చిన్న చక్రం ఉండును. సోవియట్ కెమెరాలో చక్రానికి బదులు కోసుగా అరగదీసిన లోహపు ముక్క ఉండును. ఈ ఒక్క పరీక్ష ఎన్నో వేల రూపాయలను కాపాడగలదు.

కొనుటకు ముందు పరీక్షలు

1. కటకాన్ని టార్చిలైటు వెలుగుకు అడ్డుపెట్టి చూడవలెను. సాలెగూటి దారాల వంటివి కనిపించినచో అది బూజు. మంచు పట్టినట్లున్నచో లోపలి పొర మసకబారినది. సన్నని గీత ఒకటి రెండున్నను చిత్రానికి పెద్ద హాని లేదు. బూజు మాత్రం అద్దాన్నే తినివేయును.

2. వెనుక తలుపు తెరచి, ఒక సెకను వేగంతో షట్టరును మీటి వినవలెను. నడుమ ఆగిపోయినచో లోపలి కందెన గట్టిపడినదని తెలియును.

3. గుడ్డతెర షట్టరు గల కెమెరాలో తెరను వెలుగుకు అభిముఖంగా పట్టి సూదిబెజ్జాలు వెదకవలెను. కటకాన్ని సూర్యుని వైపు ఉంచినచో భూతద్దం కాగితాన్ని కాల్చినట్లు తెర కాలును. అడ్డుగా అద్దం లేకపోవుటయే దీనికి కారణం.

4. కటకాన్ని అనంత దూరానికి త్రిప్పి, దూరపు గుడి గోపురాన్నో, మసీదు మినారునో చూడవలెను. రెండు ప్రతిబింబాలును అడ్డముగా, నిలువుగా కూడ కలియవలెను.

5. వెనుక తలుపు అంచులలోని నురుగు పట్టీ జిగురుగా మారినచో మార్పించవలెను. దానికి అయ్యే ఖర్చు స్వల్పం.

ఇవన్నియు సరిపోయినను ఒక ఫిల్ము పూర్తిగా తీసి చూచిన పిమ్మటనే బేరం ముగించుట వివేకం.

కటకాలు, ఉపకరణాలు

ఆరంభకునికి 50 మిల్లీమీటర్ల కటకం ఒక్కటి చాలును. పిమ్మట 35 మిల్లీమీటర్లది వీధులకు, 90 మిల్లీమీటర్లది ముఖచిత్రాలకు చేర్చుకొనవచ్చును. పాత లైకా, ఫెడ్, జోర్కీ కెమెరాలకు 39 మిల్లీమీటర్ల మర కటకాలు పట్టును. చిన్న వలయం సహాయంతో అవే లైకా ఎం తరగతికిని అమరును. జైస్ సోనార్ నమూనాపై తయారైన సోవియట్ జూపిటర్ 8 కటకం తక్కువ వెలకు మంచి చిత్రం ఇచ్చును.

ఉపకరణాలలో ముఖ్యమైనది కటకపు గొడుగు. మన ఎండలో అది లేనిచో చిత్రం వెలవెలబోవును. నలుపు తెలుపు ఫిల్ముకు పసుపు ఫిల్టరు వేసినచో మేఘాలు స్పష్టమగును. కాంతిమాపకం లేనివారికి ఒక సూత్రం: నిండు ఎండలో ఎఫ్ 16 వద్ద షట్టరు వేగం ఫిల్ము వేగానికి దాదాపు సమానంగా ఉండవలెను. అనగా 100 వేగం గల ఫిల్ముకు సెకనులో 125వ వంతు. సంతలో త్వరగా తీయవలసి వచ్చినపుడు 35 మిల్లీమీటర్ల కటకాన్ని ఎఫ్ 8 వద్ద ఉంచి, దూరాన్ని 5 మీటర్లకు అమర్చినచో సుమారు రెండున్నర మీటర్ల నుండి చాలా దూరం వరకు అంతయు స్పష్టంగా వచ్చును. అప్పుడు దూరమాపకాన్ని చూడనక్కరయే లేదు.

డెల్టాలో సంరక్షణ

మన ప్రాంతంలో కెమెరాకు ప్రథమ శత్రువు దొంగ కాదు, తేమ. తోలు తొడుగు అందంగా ఉన్నను తేమను పీల్చి బూజును పెంచును. కావున కెమెరాను తొడుగు నుండి తీసి, గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచవలెను. నీలిరంగు గుళికలు గులాబీ రంగుకు మారినపుడు వేడిచేసి మరల వాడవచ్చును. నెలకొకమారు కెమెరాను వెలుపలికి తీసి, అన్ని వేగాలలోను మీటి చూడవలెను. సముద్రపు గాలిలో తిరిగివచ్చిన దినమున మెత్తని గుడ్డతో లోహభాగాలను తుడువవలెను. కటకాన్ని చొక్కా అంచుతో తుడుచుట తగదు. ముందు ధూళిని ఊది, పిమ్మట మెత్తని కుంచె వాడవలెను.

ఫిల్ము వెల నేడు అధికమే. 1960లో ఊటీలో స్థాపించిన హిందూస్థాన్ ఫోటో ఫిల్మ్స్ ‘ఇందు’ పేరుతో ఫిల్మును తయారుచేసెడిది. ఆ సంస్థ మూతపడినందున నేడు మనం విదేశీ ఫిల్ముపై ఆధారపడుచున్నాము. నలుపు తెలుపు ఫిల్మును స్వయంగా కడుగుకొనుట పొదుపు. సాధారణంగా ద్రావణాలను 20 డిగ్రీల వద్ద వాడవలెను. మన వేసవి నీరు 30 డిగ్రీలు దాటును గాన, మంచుగడ్డలు వేసిన తొట్టిలో సీసాలను ఉంచి చల్లార్చవలెను.

ఇంత శ్రమ దేనికి?

1996 నవంబరు 6న మన తీరాన్ని తాకిన తుపాను వేయిమందికి పైగా ప్రాణాలు గొన్నది. ఇండ్లతో పాటు పెట్టెలు, పెట్టెలతో పాటు ఛాయాచిత్రాలు నీటిపాలైనవి. చనిపోయిన తల్లి ముఖాన్ని చూపు ఒక్క చిత్రమైనను మిగలని ఇంట, దుఃఖానికి ఆకారం కూడ ఉండదు. నేడు ఫోనులో వేల చిత్రాలున్నవి. ఫోను పాడైననాడు వాటిలో ఎన్ని మిగులును? ఫిల్ము నెగెటివు చేతికందు వస్తువు. దానిని ఒకచోట, అచ్చు చిత్రాన్ని వేరొకచోట దాచినచో, ఒకటి పోయినను రెండవది నిలుచును.

కావున కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. ఖరీదైన కెమెరా అక్కరలేదు. మొదటి తరగతికి చెందిన కెమెరాలు రెండు, ఫిల్ము కడుగు డబ్బా ఒకటి, చీకటి సంచి ఒకటి సమకూర్చినచో చాలును. ఏటేటా విద్యార్థులు మన ఊరి వృద్ధులను, పడవ కట్టు పనివారిని, మంగళవారపు సంతను, దర్జీని, మదరసా ఉస్తాదును చిత్రించి, పేర్లు, తేదీలు వ్రాసి, గ్రంథాలయంలో ఒక ఆల్బముగా భద్రపరచవలెను. నెగెటివులను మరొక భవనంలో ఉంచవలెను.

విద్యార్థులు ఒక మర్యాదను మరువరాదు. అనుమతి లేక ఎవరి చిత్రమును తీయరాదు. పరదా పాటించు ఇండ్లలో పెద్దల మాటయే శాసనం. వద్దన్నవారికి సలాము చేసి వెనుదిరుగుటయు ఛాయాగ్రాహకుని విద్యలో భాగమే. సమ్మతించినవారికి మాత్రం ఒక అచ్చు ప్రతిని తప్పక అందించవలెను. ఒక ఫిల్ములో ముప్పది ఆరు చిత్రాలే ఉండును. ఆ మితియే ఎవరిని, ఎప్పుడు, ఎందుకు చిత్రించవలెనో ఆలోచింపజేయును.