తెల్ల కాగితం మీద రాయని పేరు

మద్యం, గంజాయి, నిద్రమాత్రల అలవాటు నుంచి కోలుకునే క్రమంలో పరిచయమై, ఒకరి గతాన్ని మరొకరు ఎరిగి, ఒకే అద్దె ఇంట్లో కలిసి బతుకుతున్న పురుషుల జంటలు న్యాయ సలహా కోసం రావడం ఈమధ్య పెరిగింది. వారిలో ఎక్కువమంది ఒకే గోతిలో పడి వస్తున్నారు. ఇద్దరిలో ఒకరు మళ్లీ తాగినప్పుడో, పాత మానసిక గాయం తిరగబెట్టి కుప్పకూలినప్పుడో, అంతవరకు పలకరించని అన్నో బాబాయో ఊడిపడి డీ-అడిక్షన్ సెంటర్‌లో చేర్పించి సంతకం చేయడం, రోజూ వేళకు మందులు వేయించిన భాగస్వామి గేటు బయట నిలబడిపోవడం ఈ వ్యవహారాలన్నింటిలోనూ కనిపిస్తుంది.

ఈ ప్రేమ నేరం కాదని 2018 సెప్టెంబర్ 6న నవతేజ్ సింగ్ జోహార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఈ ప్రేమను నేరంగా చూసిన పాత శిక్షాస్మృతి 377వ సెక్షన్‌కు సమానమైన నిబంధనే లేదు. అయినా ఫిర్యాదు పట్టుకుని వెళ్లినవారిని ‘త్రీ సెవెంటీ సెవెన్ పెట్టమంటారా’ అని బెదిరించే ఎస్సైలు ఇంకా ఉన్నారు. పెళ్లి సంగతి వేరు. సుప్రియో కేసులో 2023 అక్టోబర్ 17న వెలువడిన తీర్పు స్వలింగ వివాహానికి చట్టబద్ధత ఇవ్వలేదు, కనుక ఆసుపత్రి దగ్గర భార్యకో భర్తకో అడగకుండానే దక్కే స్థానం వీరికి దక్కదు.

ఆ లోటును కొంతవరకు పూడ్చేది 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం. మద్యం, మాదకద్రవ్యాల దుర్వినియోగంతో ముడిపడిన మానసిక స్థితులను కూడా ఈ చట్టం మానసిక అనారోగ్యంలో చేర్చింది. చికిత్స విషయంలో రోగి తరఫున నిలబడేవారిని చట్టం ‘నామినేటెడ్ రిప్రజెంటేటివ్’ అంటుంది, అంటే రోగి తానే ఎంచుకున్న ప్రతినిధి. 14వ సెక్షన్ ప్రకారం మేజరైన ఎవరైనా తెల్ల కాగితం మీద ప్రతినిధి పేరు రాసి సంతకమో వేలిముద్రో వేయవచ్చు. ప్రతినిధి తన సమ్మతిని చికిత్స చేసే మానసిక ఆరోగ్య నిపుణుడికి రాసి ఇవ్వాలి. స్టాంపు పేపరు అక్కర్లేదు, నోటరీ అక్కర్లేదు, రక్తసంబంధం అసలే అక్కర్లేదు. అలా ఎవరినీ ఎంచుకోనప్పుడు మాత్రం వరుసను చట్టమే నిర్ణయిస్తుంది: తన చికిత్స గురించి రోగి ముందుగానే రాసుకున్న ‘ముందస్తు ఆదేశం’లో పేర్కొన్న వ్యక్తి ఉంటే ఆ వ్యక్తి, లేకపోతే బంధువు, ఆ తరువాతే సంరక్షకుడు. బంధువంటే రక్తం, వివాహం లేదా దత్తత ద్వారా సంబంధం ఉన్నవారని నిర్వచనం కాబట్టి, కలిసి కాపురముంటున్న భాగస్వామి ఎంత సేవ చేసినా సంరక్షకుడిగానే, బంధువు అందుబాటులో లేనప్పుడో వద్దన్నప్పుడో మాత్రమే లెక్కకు వస్తాడు. ఆ తెల్ల కాగితం రాసుకోకపోవడమే పైన చెప్పిన గొయ్యి.

తాజాగా గోదావరి జిల్లాల నుంచి వచ్చిన వ్యవహారంలో ఒకరు మద్యం మానేసిన ఎలక్ట్రీషియన్. మరొకరు, తన ప్రేమ సంగతి బయటపడినప్పుడు సొంత మేనమామల చేత దెబ్బలు తిని, ఆ భయానికి నిద్ర పట్టక నిద్రమాత్రలకు అలవాటుపడి, ఎన్నో అవస్థల తరువాత వాటిని వదిలించుకున్న ట్యూషన్ మాస్టారు. తండ్రి పెద్దకర్మ నాడు చుట్టాల మాటలు పడలేక ఎలక్ట్రీషియన్ మళ్లీ తాగగా, ఆ రాత్రే అన్న కారు మాట్లాడి ఒక ప్రైవేటు కేంద్రంలో చేర్పించాడు. మర్నాడు వెళ్లిన మాస్టారిని ‘మీరు ఆయనకి ఏమవుతారండీ’ అని రిసెప్షన్‌లో అడిగితే, ఆయన ప్లాస్టిక్ కవరులోంచి వంద రూపాయల స్టాంపు పేపరు తీసి చూపించాడు. ‘మేము ఇరువురము కలసిమెలసి జీవించుటకు అంగీకరించి’ అని మొదలై నోటరీ ముద్రతో ముగిసే ఆ పత్రంలో ఇంటి అద్దె, అడ్వాన్సు, ఫ్రిజ్ ఎవరిదన్న సంగతి సైతం ఉన్నాయి, చికిత్స మాట లేదు. పెళ్లి సర్టిఫికెట్‌తో సమానమని నమ్మబలికి అలాంటి పత్రాలు టైపు చేయించి ఫీజు తీసుకునేవారిది ఎంత తప్పో, చదవకుండా సంతకం చేసి బీరువాలో దాచుకునే కక్షిదారులదీ అంతే తప్పు. అడ్మిషన్ ఫారంలో ప్రతినిధి గడిలో అన్న పేరు చేరింది. మాస్టారి పేరు విజిటర్ల పుస్తకంలో, ఎదురుగా ‘ఫ్రెండ్’ అన్న మాటతో, మిగిలింది.

కేంద్రం తప్పులూ చిన్నవి కావు. ప్రతినిధి దరఖాస్తు మీద చేర్చుకునే 89వ సెక్షన్ ప్రవేశానికి ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి, వారిలో ఒకరు సైకియాట్రిస్టు అయి ఉండాలి, తనకో ఇతరులకో హాని చేసే ప్రమాదం లేదా తన్ను తాను చూసుకోలేని స్థితి ఉన్నట్టు తేలాలి, గడువు 30 రోజులకు మించరాదు. ఈ కేస్‌షీటులో మాత్రం రోగలక్షణాల కింద ‘మగవాళ్లతో సంబంధం’ అని రాశారు. సమాజపు నైతిక విలువలకు ఒదగకపోవడాన్ని బట్టి మానసిక అనారోగ్యాన్ని నిర్ధారించరాదని 3వ సెక్షన్ చెబుతున్నది; లైంగికతను మారుస్తామనే ‘చికిత్స’ వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే ప్రకటించింది. ఆ మాట రాసిన వైద్యుడు రెండింటిలో దేన్నీ చదివినట్టు లేదు.

ఇలాంటప్పుడు హైకోర్టులో హెబియస్ కార్పస్, అంటే నిర్బంధంలో ఉన్న మనిషిని తమ ముందు హాజరుపరచమని కోర్టు ఆదేశించే పిటిషన్, వేయడమే దారి అని చాలామంది అనుకుంటారు. 2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అటువంటి పిటిషన్‌లోనే ఇద్దరు యువతులు కలిసి జీవించే హక్కును గుర్తించిన మాట నిజమే. కానీ కేంద్రం చేతిలో వైద్యుల సర్టిఫికెట్లూ అన్న సంతకమూ ఉన్నప్పుడు ఆ పిటిషన్ నడక మందగిస్తుంది. ప్రతినిధిని రోగి ఎప్పుడైనా నియమించుకోవచ్చు, ఎప్పుడైనా మార్చుకోవచ్చు అన్న సంగతి మరవడం వల్లనే ఈ చుట్టుదారి. న్యాయ సహాయం పొందే హక్కు, సందర్శకులను కలిసే హక్కు రోగికి ఉన్నాయి కనుక న్యాయవాది లోపలికి వెళ్లగలిగినప్పుడు, మత్తు పూర్తిగా దిగిన ఎలక్ట్రీషియన్ మంచం పక్కనున్న స్టూలు మీద కాగితం పెట్టుకుని మాస్టారి పేరు స్వహస్తంతో రాసి సంతకం చేశాడు. దానినీ మాస్టారి సమ్మతి లేఖనూ తీసుకోవడానికి కేంద్రం నిరాకరించింది. రెండూ వైద్యుడికీ, ఈ చట్టం కింద రోగుల ఫిర్యాదులు వినే మానసిక ఆరోగ్య సమీక్షా మండలికీ స్పీడ్ పోస్టులో చేరాక అన్న సంతకానికి ఆధారం పోయింది, డిశ్చార్జి జరిగింది.

అందరికీ ఇంత సులువుగా తెమలదు. మత్తులోనో దిగ్భ్రమలోనో రాసిన కాగితాన్ని ఎదుటి పక్షం తప్పక ప్రశ్నిస్తుంది. అందుకే ఒంట్లో బాగున్న రోజునే రాయాలి, దాని నకలు ఒకటి ఎప్పుడూ చూపించుకునే వైద్యుడి ఫైలులో ఉండాలి. వీలైతే 5వ సెక్షన్ కింద ముందస్తు ఆదేశం కూడా రాసుకోవాలి: ఎలాంటి చికిత్స కావాలో, ఏది వద్దో, ప్రతినిధులు ఏ వరుసలో ఉండాలో అందులో చెప్పవచ్చు, అయితే అత్యవసర చికిత్సకు అది వర్తించదు. న్యాయవాదికి ఫీజు ఇవ్వలేనివారు ఉచిత న్యాయ సేవల నంబరు 15100కు ఫోన్ చేయవచ్చు. ఎలక్ట్రీషియన్ ఇంటికి వచ్చిన వారంలోనే మాస్టారి పేరు మొదట, తన అక్క పేరు తరువాత ఉండేలా ఆదేశం రాయించుకున్నాడు. మాస్టారు మాత్రం తనకు బాగానే ఉందంటూ తన కాగితాన్ని ఇంతవరకు రాయలేదు. ఆయనకు చట్టం లెక్కలో బంధువులుగా మిగిలినది ఆ మేనమామలే.