గాలికుంచెయు కంప్రెసరును : ఎన్నుకొనుట, కాపాడుట



గడచిన వర్షకాలమున మన తొమ్మిదవ తరగతి బాలుడొకడు కొయ్యతో చిన్న మోటారుకారు నొకదానిని చేసెను. అసలు బండిని 24వ వంతునకు తగ్గించి చేసిన నమూనా యది. 12 అడుగుల కారు 6 అంగుళముల బొమ్మ యయ్యెను. దానికి ఎఱ్ఱరంగు వేయుటకై నాయొద్ద నున్న ఎయిర్‌బ్రష్షును, కంప్రెసరును అతనికిచ్చితిని. ప్రదర్శనకు ముందటి సాయంకాలమున రెండు పూతలు అద్దమువలె కుదిరెను. మూడవ పూత వేయుచుండగా రంగుతో కూడ నీటిచుక్కలు చిమ్మి, పైకప్పు నిండ పొక్కులవంటి మచ్చలు పడెను. బాలుడు తన చేతిలోనే లోపమున్నదనుకొని కంట నీరు పెట్టుకొనెను. అతని చేతిలో లోపమేమియు లేదు. కంప్రెసరు తొట్టి యడుగున చేరిన నీటిని మూడు వారములుగా వదలక యుపేక్షించినవాడను నేనే. ఆ మాట అతనితో అప్పుడే చెప్పితిని. అట్టి నష్టము మీలో మఱి యెవ్వరికిని కలుగకుండుటకై ఈ పాఠమును వ్రాయుచున్నాను.

లక్కపూతయు, కుంచెపూతయు

బొమ్మలకు రంగు వేయుట మన ప్రాంతమునకు క్రొత్త విద్య కాదు. నాతవరమున్న ఈ అనకాపల్లి జిల్లాలోనే, వరాహానది యొడ్డున, ఏటికొప్పాక గ్రామము లక్కబొమ్మలకు ప్రసిద్ధి కెక్కినది. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు కూడ లభించెను. అక్కడి పనివారు అంకుడుకొయ్యను లేతు మీద గిరగిర త్రిప్పుచు, రంగు కలిపిన లక్కకడ్డీని దానిపై ఒత్తి పట్టుదురు. రాపిడివలన పుట్టిన వేడికి లక్క కరగి కొయ్యకు సమముగా నంటుకొనును. అందు కుంచెతో పని లేదు.

అయితే ఈ పద్ధతి గుండ్రని వస్తువులకే చెల్లును. కారుబొమ్మ చక్రములకు లక్క పట్టింపవచ్చును గాని, మూలలును పలకలును గల దాని శరీరమును లేతు మీద త్రిప్పుట సాధ్యము కాదు. కొండపల్లి బొమ్మలకువలె కుంచెతో రంగు వేయుదమన్నచో, కుంచెవెండ్రుకల గీతలు నిలిచిపోవును. బొమ్మ మీది గీత వెండ్రుకంతదే యైనను, 24 రెట్లు పెంచి చూచితిమేని అసలు కారుపై దారపు పేటంత లావగును. అందువలననే నమూనాలు చేయువారు గాలితో రంగు చిమ్ము ఎయిర్‌బ్రష్షును కోరుదురు. దీనిని మనము గాలికుంచె యని పిలుచుకొందము.

గాలికుంచె పనిచేయు విధము

ఒక గ్లాసు నీటిలో కాగితపు గొట్టము నొకదానిని నిలువుగా నుంచి, దాని పైకొన మీదుగా వేఱొక గొట్టముతో అడ్డముగా గట్టిగా ఊదుడు. నీరు పైకెక్కి తుంపరలై చెదరును. వేగముగా సాగు గాలియొక్క పీడనము తగ్గుటయు, గ్లాసులోని నీటిని బయటిగాలి పైకి నెట్టుటయు దీనికి కారణములు. ప్రవాహముల వేగమునకును పీడనమునకును గల సంబంధమును డేనియల్ బెర్నూలీ 1738లో ప్రకటించిన గ్రంథమున వివరించెను. గాలికుంచె ముక్కున జరుగు పని ఇట్టిదే. రంగు వచ్చు సన్నని రంధ్రమును నాజిల్ అందురు. ఒక సూది ఆ రంధ్రమును మూసియుండి, మీటను వెనుకకు లాగినకొలది తెఱచుచుండును. నాజిల్ చుట్టును వేగముగా పోవు గాలి రంగును లాగి పొగమంచు చేయును.

ఈ పరికరము అమెరికాలో 1870ల తుదిభాగమున రూపొందెను. తొలుత ఛాయాచిత్రములకు మెఱుగులు దిద్దుటకు దానిని విరివిగా వాడిరి. బొమ్మకార్లకు వాడుట తరువాతి కాలపు మాట.

గాలికుంచెను ఎన్నుకొనుట

అంగడిలో మూడు సంగతులు విచారింపవలెను.

మొదటిది మీట. ఒకే పని చేయు మీట గలదానిలో, నొక్కినంతనే గాలియు రంగును కలిసి వచ్చును. రెండు పనులు చేయు మీట గలదానిలో, క్రిందికి నొక్కిన గాలి వచ్చును. వెనుకకు లాగిన రంగు వచ్చును. ఇది అలవాటగుటకు కొన్ని దినములు పట్టును గాని, పూత పలుచదనము మీ వ్రేలి యధీనమగును. కావున రెండవదే మేలు.

రెండవది రంగుగిన్నె. గిన్నె పైనున్నచో రంగు తన బరువుచేతనే దిగును; తక్కువ గాలితోను, కొలది చుక్కల రంగుతోను పని జరుగును. సీసా క్రిందనున్నచో రంగును పైకి లాగుటకు ఎక్కువ గాలి కావలెను. పెద్ద వస్తువులకు సీసా అనుకూలము. మన 6 అంగుళముల కారునకు పైగిన్నె చాలును.

మూడవది నాజిల్ కొలత. 0.2 మిల్లీమీటర్లది సన్నని గీతలకు తగును గాని తఱచుగా మూసుకొనిపోవును. 0.5 మిల్లీమీటర్లది ప్రైమరునకును, వెడల్పైన పూతకును తగును. క్రొత్తగా నేర్చుకొనువారికి 0.3 మిల్లీమీటర్లది అన్ని పనులకును మధ్యస్థముగా నుండును. ఆ కుంచెకు సరిపడు సూదులు, నాజిళ్లు విడిగా దొరకునా యని కొనకముందే యడుగుడు. అవి దొరకని కుంచె ఎంత చౌకయైనను, సూది వంగిన నాడు పనికిమాలినదగును.

కంప్రెసరును ఎన్నుకొనుట

తల్లిదండ్రులకు ఒక మనవి. చేతిలో నున్న ధనము పరిమితమైనచో, కుంచెలో కొంత తగ్గించుకొనుడు గాని కంప్రెసరులో తగ్గించుకొనకుడు. రంగు ఎంత మంచిదైనను, కుంచె ఎంత ఖరీదైనదైనను, వచ్చు గాలి నిలుకడ లేనిదియు తడిదియు అయినచో పని చెడును.

తొట్టి లేని కంప్రెసరు గాలిని నాడి కొట్టుకొనునట్లు అలలుగా పంపును. తొట్టి గలదానిలో గాలి నిలువయై సమముగా వచ్చును. నమూనాల పనికి 3 లీటర్ల తొట్టి చాలును. పీడనమును తగ్గించి నిలుపు రెగ్యులేటరు, దానిని చూపు గేజి, గాలిలోని నీటిని పట్టు మాయిశ్చర్ ట్రాప్ అను చిన్న బుడ్డి, తొట్టి నిండగానే తానే ఆగు స్విచ్చి, ఈ నాలుగును ఉన్నదానిని చూచి కొనుడు. కారుబొమ్మకు చదరపు అంగుళమునకు 15 మొదలు 25 పౌనుల పీడనము సాధారణముగా సరిపోవును. కారు టైరులో సుమారు 30 పౌనులుండునని తెలిసికొన్నచో ఇది యెంతయో మీకు బోధపడును. పంక్చరు దుకాణమునుండి గాలి తెచ్చుకొనవచ్చునా యని కొందఱడిగిరి. టైరునకు మంచిదైన ఆ గాలిలో నూనెయు నీరును కలిసియుండవచ్చును. వడపోత లేనిదే అది రంగుపనికి తగదు.

తొట్టిలోనికి నీరెట్లు వచ్చును?

కంప్రెసరులో మనము నీరు పోయము. అయినను అందు నీరు చేరును. లెక్క వేసి చూతము. 30 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమిలో ఒక ఘనమీటరు గాలి సుమారు 30 గ్రాముల నీటియావిరిని మాత్రమే పట్టియుంచగలదు. వానకాలపు దినమున అందులో 5 పాళ్లకు 4 పాళ్లు, అనగా 24 గ్రాములు, ముందే యున్నవనుకొందము. 3 ఘనమీటర్ల గాలిని ఒక ఘనమీటరులోనికి అదిమినచో 72 గ్రాముల ఆవిరి ఒకచోట చేరును. అదిమినపుడు గాలి వేడెక్కును. సైకిలు పంపు అడుగుభాగమును తాకినవారికి ఈ సంగతి తెలియును. ఆ గాలి మరల 30 డిగ్రీలకు చల్లారినప్పుడు 30 గ్రాములే ఆవిరిగా నిలుచును. తక్కిన 42 గ్రాములు నీరగును.

నిమిషమునకు 20 లీటర్ల గాలిని పీల్చు చిన్న కంప్రెసరు గంటకు 1,200 లీటర్లను, అనగా 1.2 ఘనమీటర్లను పీల్చును. పై లెక్క ప్రకారము గంటకు సుమారు 17 గ్రాముల నీరు, అనగా మూడు చిన్న చెంచాలకు పైగా, దిగును. మూడు వారములు దానిని వదలకున్న ఏమగునో ఆ ఎఱ్ఱకారు చూపినది.

కావున పని ముగిసిన ప్రతిదినమును స్విచ్చి కట్టివేసి, తొట్టిలోని గాలిని చాలవఱకు పోనిచ్చి, అడుగున నున్న మరను మెల్లగా విప్పి, నీరంతయు కారువఱకు తెఱచియుంచుడు. ట్రాప్ బుడ్డిలోని నీటిని పని నడుమ కూడ వదలుడు. నీరు నిలిచిన ఇనుపతొట్టి లోపల త్రుప్పు పట్టి బలహీనమగును. అట్టి తొట్టికి అతుకు వేయించి వాడరాదు, అది పగులవచ్చును.

కుంచెను శుభ్రపఱచుట

రంగును పాలవలె పలుచన చేసి, వడగట్టి గిన్నెలో పోయుడు. ప్రతి రంగు ముగియగానే మిగిలినదానిని తీసివేసి, ఆ రంగునకు తగిన ద్రవమును పోసి, తెల్లని కాగితముపై మరక పడకుండువఱకు చిమ్ముడు. అక్రిలిక్ రంగునకు దానికి చెప్పిన శుద్ధిద్రవమును, ఎనామెలునకు దాని థిన్నరును వాడవలెను.

దినాంతమున సూదిని పట్టియుంచు మరను వదులు చేసి, సూదిని వెనుకకు మెల్లగా తీయుడు. మెత్తని గుడ్డను ద్రవములో తడిపి, పిడివైపునుండి మొనవైపునకు తుడువుడు. ఎదురు తుడిచినచో మొన వ్రేలికి గ్రుచ్చుకొనును. మరల పెట్టునప్పుడు తగిలినంతనే ఆపుడు. బలముగా నెట్టిన నాజిల్ పగులును. కుంచెను మొత్తముగా థిన్నరులో నానవేయకుడు. లోపలి రబ్బరు ఉంగరములు చెడును.

కుంచె తన వ్యాధిని తానే చెప్పును. గిన్నెలో బుడగలు లేచినచో నాజిల్ మూసుకొనియో, వదులయియో, పగిలియో యున్నది. రంగు ఒక ప్రక్కకే పోయినచో సూదిమొన వంగినది. పని నడుమ రంగు ఆగి ఆగి ఉమిసినట్లు పడినచో మొనపై రంగు ఎండినది; తడిగుడ్డతో తుడిచిన చాలును. స్వచ్ఛమైన నీటిచుక్కలు పడినచో కుంచెను నిందింపకుడు, తొట్టిని చూడుడు.

ప్రాణమునకు జాగ్రత్త

రంగుపొగ కంటికి కనబడనంత సన్ననిదై ఊపిరితిత్తులలోనికి పోవును. నీటితో కలియు రంగైనను పీల్చుటకు మంచిది కాదు. తలుపులు, కిటికీలు తెఱచి, గాలి మీ వెనుకనుండి వచ్చి పొగను బయటికి తీసికొనిపోవునట్లు కూర్చుండుడు. థిన్నరు వాడునపుడు ఆవిరులను ఆపు వడపోత గల ముసుగు ధరింపవలెను. ముక్కునకు కట్టిన చేతిరుమాలు దానికి చాలదు. ఆ గదిలో దీపముగాని, పొయ్యిగాని వెలుగరాదు. గాలిని ఎవరి శరీరముపైకిని, కంటిపైకిని వినోదమునకైనను విడువకూడదు. కంప్రెసరును మూడు కాళ్ల ప్లగ్గుతోనే వాడుడు. చిన్నవారు పెద్దల యెదుటనే ఈ పని చేయవలెను.

ఆ కారు సంగతి

ఆ ఎఱ్ఱకారు ప్రదర్శనకు అందలేదు. రంగు పూర్తిగా ఆరిన తరువాత బాలుడును నేనును కూర్చుండి, సన్నని ఉప్పుకాగితమును తడిపి మచ్చలను రుద్దితిమి. పిమ్మట అతడు పలుచని పూతలు నాలుగు, ఒక్కొక్కటి ఆరినపిమ్మట మఱియొకటిగా, వేసెను. ఇప్పుడది మచ్చలేక మెఱయుచున్నది. అయినను ప్రదర్శన దినమున బల్లమీద అతని చోటు ఖాళీగా నుండుటను నేను మఱువలేదు.

అప్పటినుండి మా కంప్రెసరు క్రింద ఒక రేకుమూత నుంచితిమి. దాని ప్రక్క గోడకు ఒక కాగితము అంటించితిమి. పని ముగించినవారు నీరు వదలి, అందు తేదీ వేసి, సంతకము చేయవలెను. మొదటి సంతకము నాది. రెండవది ఆ బాలునిది.