భోజనం వేళకే బాక్సు చేరాలంటే

ప్రశ్న: కొండాపూర్‌లోని మా వంటశాల నుంచి 5 ఆటోల్లో మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసులకు మధ్యాహ్న భోజనాలు పంపుతున్నాం. దూరం తక్కువే, అయినా రోజూ ఆలస్యం. ఏం చేయాలి?

జవాబు: ఆ దారుల్లో దూరం కంటే యూటర్న్‌లు, గేట్ల దగ్గర నిరీక్షణే ఎక్కువ సమయం తింటాయి. పది చోట్లకు తిరిగే ఒక్క ఆటోకే 36,28,800 వరసలు సాధ్యం. డ్రైవర్ అంచనాకు వదిలేయకండి. వారంపాటు ఏ గేటు దగ్గర ఎంతసేపు ఆగారో రాయించండి. ఆటోలను ప్రాంతాలవారీగా విడదీయండి: మాదాపూర్ బండి గచ్చిబౌలి ముఖం చూడకూడదు! ఎడమవైపు ఆఫీసులకు వెళ్తూ, కుడివైపు వాటికి తిరిగొస్తూ ఇవ్వాలి. పెందలాడే తినేవాళ్లుంటే వాళ్లకే ముందు. గేటు దగ్గరే ఒకరు అందుకునేలా మాట్లాడుకోండి. నన్నడిగితే అన్నిటికన్నా లాభం ఇదే. ఆర్డర్లు రోజూ మారుతుంటే రూట్ ప్లానింగ్ సాఫ్ట్‌వేర్ తెలిసినవారిని కలవండి. బండి ఆపే చోటే లేకపోతే సైబరాబాద్ ట్రాఫిక్ పోలీసులను అడగండి.