వాన లెక్క, కొనుగోలు లెక్క: రెండింటిని కలిపి చూచు విధానము

బస్తర్ ప్రాంతమున సేద్యము వర్షముపై ఆధారపడినది. విత్తనము, ఎరువు, పురుగుమందుల వ్యాపారము సేద్యముపై ఆధారపడినది. ఈ రెండింటికి ఇచ్చిన బ్యాంకు ఋణము తిరిగి వచ్చుట పంటపై ఆధారపడినది. అయినను మన దుకాణములలో సరకు తెప్పించుట నేటికిని వానను బట్టి కాక క్యాలెండరును బట్టి జరుగుచున్నది. ఏ రైతు ఏమి ఎప్పుడు కొనుచున్నాడను లెక్కను, ఆ రోజులలో ఎంత వాన కురిసినదను లెక్కను పక్కపక్కన ఉంచి చూచుట ఎట్లో, కంప్యూటరు ప్రోగ్రాము వ్రాయుట రానివారు సైతము ఆ పనిని సెల్‌ఫోను చేత ఎట్లు చేయించవచ్చునో ఈ పాఠములో తెలిసికొందము.

బస్తర్ వరిసాగు నేర్పు పాఠము

బస్తర్ పీఠభూమిలోని నేలలను రైతులు మర్హాన్, టికరా, మాల్, గభార్ అని ఎత్తును బట్టి వేరుచేసి పిలుతురు. మర్హాన్ మెరక నేల, నీరు నిలువదు; గభార్ పల్లపు నేల, నీరు చాలకాలము నిలుచును. ఒకే వాన ఈ రెండు నేలలలో రెండు విధములైన పనులకు దారితీయును.

ఇచట పెక్కుమంది వరిని నాటరు, వెదజల్లుదురు. మొలచిన నెల రోజులకు మడిలో కొన్ని అంగుళముల నీరు నిలిచినప్పుడు పైరు మధ్యనే తేలికగా దున్నుదురు. దీనిని బియాసీ అందురు. కలుపు అణగుటకు, ఒత్తుగా ఉన్న పైరు పలుచబడుటకు ఇది ఉపకరించును. పైపాటుగా యూరియా వేయుట బియాసీ తరువాతనే. కావున వాన ఆలస్యమైనచో బియాసీ ఆలస్యము. బియాసీ ఆలస్యమైనచో యూరియా గిరాకీ ఆలస్యము. ఈ గొలుసును గుర్తించిన డీలరు తేదీని చూచి కాక మడిలోని నీటిని చూచి సరకు తెప్పించును.

ఋతుపవనము సాధారణముగా జూన్ రెండవ వారములో బస్తర్‌ను తాకును. 2025లో అది మే నెలాఖరునకే వచ్చినది. అదే సంవత్సరము ఆగస్టు చివరి వారములో బస్తర్, దంతెవాడ జిల్లాలలో పెద్ద వరదలు వచ్చినవి. నిరుటి తేదీలు ఈ ఏటికి పనికిరావనుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు.

మొదటి లెక్క: కొనుగోలుదారుల పట్టిక

సెల్‌ఫోనులోని గూగుల్ షీట్స్ వంటి పట్టికలో ఆరు గడులు చాలును: తేదీ, రైతు గుర్తు సంఖ్య, ఊరు, నేల రకము, కొన్న వస్తువు, పరిమాణము. ఎరువుల సబ్సిడీ విధానము క్రింద 2018 నుండి దేశమంతట ఎరువుల అమ్మకము పీఓఎస్ యంత్రము ద్వారా జరుగుచున్నది. అయినను ఆ యంత్రములోని ఆధార్ వివరములను మీ పట్టికలోనికి ఎక్కించరాదు. మీ దుకాణపు పుస్తకములో రైతుకు ఇచ్చిన వరుస సంఖ్యయే చాలును.

రెండవ లెక్క: వర్షపాతము

భారత వాతావరణ శాఖ ఉదయము 8.30 గంటలకు గడచిన 24 గంటల వర్షపాతమును లెక్కించును. మీరును దుకాణము వద్ద ఒక వానకొలత పాత్ర అమర్చి అదే వేళకు చూచి వ్రాసికొనుడు. జగ్దల్‌పూర్‌లో కురిసిన వాన కోంటాలోనో, భోపాల్‌పట్నంలోనో కురియవలెనని లేదు.

వాతావరణ శాఖ వాడుక ప్రకారము 15.6 నుండి 64.4 మిల్లీమీటర్ల వరకు మోస్తరు వర్షము, 64.5 నుండి 115.5 వరకు భారీ వర్షము, 115.6 నుండి 204.4 వరకు అతిభారీ వర్షము. రానున్న రోజుల సూచనలు 2019లో వెలువడిన మేఘదూత్ యాప్‌లో జిల్లాలవారీగా లభించును. గ్రామ పంచాయతీ స్థాయి సూచనలు 2024 అక్టోబరులో ఆరంభమైనవి.

సూచించిన వానను ఒక గడిలో, నిజముగా కురిసిన వానను వేరొక గడిలో వ్రాయవలెను. రెండింటిని కలిపివేసినచో సూచన ఎన్నిసార్లు ఫలించినదో తెలియదు.

ప్రోగ్రాము వ్రాయకుండ అనుసంధానము

జేపియర్, మేక్, ఎన్‌8ఎన్ వంటి సేవలు ఈ పనికై ఉన్నవి. ఇవి మూడు మెట్లలో నడచును. మొదటిది ప్రేరణ: ప్రతిదినము ఉదయము తొమ్మిది గంటలు కాగానే పని మొదలగును. రెండవది నియమము: పట్టికలోని అంకెలు ఫలానా హద్దును దాటినవా అని చూచును. మూడవది చర్య: దాటినచో సందేశము పంపును. తెరపై గడులను ఎంచి గీతలతో కలుపుటయే మన పని.

వాన సూచనను యంత్రమునకు నేరుగా అందించు ఓపెన్-మీటియో వంటి సేవలు కలవు. వ్యాపార వినియోగమునకు రుసుము ఉండవచ్చును గనుక షరతులు చదివి చేరవలెను. ఉచిత ఖాతాలలో నెలకు ఇన్ని పనులే అను పరిమితి సాధారణము. రోజుకొక పర్యాయము నడిపినచో ఒక దుకాణమునకు అది చాలవచ్చును.

ఆచరణకు నాలుగు నియమములు

1. బియాసీ నియమము: గడచిన పది రోజుల వాన మీ హద్దును దాటినచో, విత్తనము కొని యూరియా ఇంకను కొనని రైతుల సంఖ్యను నేలరకము వారీగా డీలరుకు తెలుపవలెను. హద్దు ఎంతయనునది మీ పాత లెక్కలే చెప్పవలెను.

2. ఆపు నియమము: రెండు రోజులలో భారీ వర్ష సూచన ఉన్నచో, గత మూడు రోజులలో యూరియా గాని పురుగుమందు గాని కొన్నవారికి "చల్లుట, పిచికారీ ఆపుడు" అని వర్తమానము పోవలెను. కొట్టుకొనిపోయిన మందు రైతుకు రెండవసారి అప్పు.

3. కోత నియమము: అక్టోబరు, నవంబరులలో వాన సూచన ఉన్నచో పనలపై ఉన్న ధాన్యము గూర్చి హెచ్చరించవలెను. ప్రధానమంత్రి ఫసల్ బీమాలో, కోసి ఆరబెట్టిన పంటకు 14 రోజుల వరకు అకాల వర్షనష్ట రక్షణ కలదు. నష్టమును 72 గంటలలో తెలుపవలెను. మీ జిల్లాలో మీ పంటకు ఈ రక్షణ అమలులో ఉన్నదో లేదో బ్యాంకు శాఖలో ముందే తెలిసికొనుడు.

4. అటవీ ఫలసాయ నియమము: మార్చి, ఏప్రిల్ నెలలలో ఇప్పపువ్వు, చింతపండు ఆరుబయట ఉండును. ఒక్క జల్లు సైతము ధరను తగ్గించును. సూచన రాగానే సేకరణదారులకు కబురు పంపవలెను.

డబ్బు లెక్క

లెక్క కొరకు ఒక డీలరు రెండు లక్షల రూపాయల సరకును బ్యాంకు ఋణముతో, ఏడాదికి 12 శాతము వడ్డీకి తెప్పించినాడనుకొందము. వాన రాక సరకు 20 రోజులు అదనముగా గోదాములో నిలిచినచో వడ్డీయే సుమారు 1,315 రూపాయలు. చెమ్మకు గడ్డకట్టిన బస్తాల నష్టము దీనికి అదనము. ఇక వాన వచ్చిన వారములో సరకు లేనిచో రైతు మరియొక సంతకు పోవును, లేదా అదును తప్పి వేయును. పైరు దెబ్బతిన్నచో కిసాన్ క్రెడిట్ కార్డు బాకీ గడువులోగా తీరదు. సకాలములో చెల్లించినవారికి లభించు 3 శాతము వడ్డీ తగ్గింపును ఆ రైతు కోల్పోవును.

జాగ్రత్తలు

వాన తరువాత అమ్మకము పెరిగినంత మాత్రమున వానయే కారణమని తీర్మానింపరాదు. అది సంత రోజు కావచ్చును. ఎరువు ఆ రోజే దిగి ఉండవచ్చును. హరేలీ అమావాస్యనాడు మొదలై 75 రోజులు సాగు బస్తర్ దసరా వేళ కొనుగోళ్ల తీరు మారును. కనుక పట్టికలో "విశేషము" అను ఏడవ గడిని చేర్చి ఇట్టివి వ్రాసికొనుడు. ఒక ఋతువు లెక్కను చూచి తొందరపడరాదు. మూడు ఋతువులు చూచిన పిమ్మట హద్దును స్థిరపరచుకొనుడు.

సరకు కొనుగోలు ఆర్డరును యంత్రమునకు అప్పగింపరాదు. అది హెచ్చరించవలెను, నిర్ణయము మీరు చేయవలెను. రైతు అనుమతి లేకుండ అతని ఫోను నంబరును వాడరాదు. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణకై 2023లో చట్టము వచ్చినది. పంపు సందేశము రైతుకు మేలు చేయునదై ఉండవలెను. అక్కరలేని మందును అంటగట్టుటకు వానను సాకుగా వాడిన డీలరు మాట మరుసటి ఏడు ఎవరును వినరు. చదువురాని వారికి హల్బీలో, గోండీలో, కోంటా వైపు తెలుగులో గొంతు సందేశములు పంపుట మేలు. సిగ్నలు లేని ఊళ్లకు సంతలో నల్లబల్లపై వ్రాసిన మాటయే సందేశము.

ఋణగ్రహీతలైన రైతులు సైతము ఊరికొక వానకొలత పాత్ర, ఒక పుస్తకము పెట్టుకొనవచ్చును. మీ శాఖకు ఋణము కొరకు గాని, గడువు పెంపు కొరకు గాని వచ్చునప్పుడు ఆ పుస్తకమును వెంట తెచ్చుకొనుడు. "వాన పడలేదు" అను మాట కంటె, ఏ తేదీన ఎన్ని మిల్లీమీటర్లు పడినదో చూపు పుట మీ పరిస్థితిని స్పష్టముగా తెలుపును.