చల్లని గదులలో అల్పాయువుల పరుగు

గత సంవత్సరము తరగతిలో విద్యుత్తును గూర్చి పాఠము చెప్పుచు, మిక్కిలి చల్లార్చిన కొన్ని లోహములలో విద్యుత్తు నిరోధము లేక ప్రవహించునని చెప్పితిమి. ఈ గుణమును 1911వ సంవత్సరమున హాలెండు దేశపు లైడెన్ పట్టణమందు కామర్లింగ్ ఓన్స్ పండితుడు పాదరసమునందు కనిపెట్టెను. అంతవరకు బాగుగనే యున్నది. కాని మేము మరియొక మాట జోడించి, ఇట్టి లోహముతో కట్టిన యంత్రమునకు ఖర్చే యుండదంటిమి. వెనుక బల్లమీది బాలుడొకడు లేచి, "అయ్యా! ఖర్చు లేనియెడల అందరును అవియే యేల కట్టుకొనరు?" అని యడిగెను. తరగతి నవ్వెను. మాకు సమాధానము తోచలేదు. ఆ ప్రశ్నకు బదులుగా నీ వ్యాసమును వ్రాయుచున్నాము.

కెనడా దేశమున వాంకూవరు నగరమందు ట్రయంఫ్ అను ప్రయోగశాల కలదు. అచ్చటి సైక్లోట్రాను యంత్రము 1974లో పని ప్రారంభించెను. అందుండి 50 కోట్ల ఎలక్ట్రాను వోల్టుల శక్తితో వెడలిన ప్రోటానులు వేడిగానున్న లక్ష్యమును తాకి, అందలి అణుకేంద్రములను ముక్కలు చేయును. ఆ ముక్కలలో ప్రకృతియందు మనకు దొరకని అల్పాయువులు జనించును. లిథియము-11 అట్టిది. దానిలో ప్రోటానులు మూడు, న్యూట్రానులు ఎనిమిది. ఆ యెనిమిదిలో రెండు న్యూట్రానులు తక్కినవానికి బహుదూరమున, ఊరివెలుపల కాపురమున్నవారివలె నుండును. అది బ్రదుకునది సెకనులో నూరవ వంతైనను కాదు. ఆ లోపుగనే దానిని లక్ష్యమునుండి వెలికి తీసి, విద్యుదావేశ మిచ్చి, ఇతర కేంద్రములనుండి వేరుచేసి, వేగముగా తరిమి, మరియొక కేంద్రమును ఢీకొట్టింపవలెను. బంగారము మొదలైన బరువు మూలపదార్థములు నక్షత్రలోకమున నెట్లు పుట్టినవో తెలియుటకు ఇట్టి అల్పాయువుల పరిచయము కావలెను. దొరకునవి కొద్ది, కావున యంత్రము విరామము లేక నడువవలెను.

తరుముట యెట్లు? వరుసగా లోహపు గదుల నమర్చి, వానిలో విద్యుద్బలమును అటునిటు మార్చుచుందురు. ఊయల నూపువాడు సమయమెరిగి త్రోసినట్లు, కణము వచ్చువేళకు గదిలోని బలము ముందునకు త్రోయవలెను. ట్రయంఫ్‌లో 2006లో పనిలోనికి వచ్చిన 20 గదులలో నీ మార్పు సెకనునకు 10 కోట్ల 60 లక్షల పర్యాయములు జరుగును. ప్రతి గదికిని త్రోపువేళను వేరువేరుగా సవరింపవచ్చును గనుక, బరువు కేంద్రమునకును తేలిక కేంద్రమునకును అవే గదులు చాలును. 2010లో మరి 20 గదులు చేర్చిరి.

ఇవి నయోబియము అను లోహముతో చేసినవి. శూన్యమునకు దిగువ 264 డిగ్రీల సెంటిగ్రేడునకు చల్లబడినపుడు ఆ లోహము తన నిరోధమును విడుచును. అంతకంటెను చల్లగా, శూన్యమునకు దిగువ 269 డిగ్రీల వద్ద మరగు హీలియము ద్రవములో వీనిని తడిపి యుంచుదురు. (ఈ హీలియము మన ప్రాంతమునకు కొంత చుట్టము. 1868 ఆగస్టు 18వ తేదీ గ్రహణమునాడు జాన్సెన్ పండితుడు గుంటూరులో సూర్యుని చుట్టునున్న జ్వాలల కాంతిని పరిశీలించెను. ఆ సంవత్సరమే లాకియర్ పండితుడు ఇంగ్లండులో అట్టి కాంతియందలి పసుపు రేఖను చూచెను. హీలియమను పేరు దానినుండి వచ్చినదే.)

ఇక మా తప్పు. ఒకే దిక్కున పారు విద్యుత్తునకు నిరోధము లేదన్నది నిజమే. కాని దిక్కు మార్చుకొను విద్యుత్తునకు స్వల్పమైన నిరోధము మిగిలియుండును. లోహములోని ఎలక్ట్రానులన్నియు జతలు కట్టవు, జతలేనివి వేడి పుట్టించును. ఒక్కొక్క గదికి 7 వాట్ల నష్టమని ఆ యింజనీర్లు లెక్క కట్టిరి. 40 గదులకు 280 వాట్లు. ఇది మన బల్బులకు సరిపోవు శక్తియే గదా యనవచ్చును. కాని అంత చలిలో పుట్టిన యొక్క వాట్టు వేడిని బయటికి తోడుటకు ఇచ్చట ఇన్నూరు వాట్లకు పైగా వ్యయమగును. ఇన్నూరు చొప్పున గుణించినను 56,000 వాట్లు! ఖర్చు లేదనుట యెంత తప్పో చూడుడు.

అయినను రాగితో కట్టినచో అదే బలమునకు గదిలోని నష్టము పదివేల రెట్లకు మించును. అనగా ఒక్క గదికే 70,000 వాట్లపైన. అంత వేడిలో గదిని ఎడతెగక నడుపజాలరు.

శుభ్రత మాట చెప్పకుండ ముగింపరాదు. గది లోపల ధూళికణ మొక్కటి యున్నను అచ్చటనుండి ఎలక్ట్రానులు ఎగజిమ్మి వేడి హెచ్చును. అందుచే ఆమ్లములతో లోపలి పొరను తీసి, మిక్కిలి శుద్ధమైన నీటిని గొప్ప ఒత్తిడితో చిమ్మి కడిగి, దుమ్ము చొరని గదిలో కూర్తురు. మన ప్రయోగశాలలో పరీక్షనాళికలను కడుగుటకు విసుగుకొను వారు ఈ భాగమును రెండుమారులు చదువుదురు గాక.

ఢిల్లీలోని అంతర విశ్వవిద్యాలయ త్వరణి కేంద్రము వారును నయోబియపు గదులను మన దేశముననే చేసిరి. పై లెక్కను మేము నల్లబల్లపై వేయగా, ప్రశ్న యడిగిన బాలుడు ఇన్నూరునకు బదులు మున్నూరు వేసి, 84,000 వాట్లని చెప్పి కూర్చుండెను.