పాఠం 11: నొప్పి లేని గడ్డ

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- రొమ్ము క్యాన్సర్ లక్షణాలను గుర్తించగలుగుతారు.
- ఏ పరీక్షలు ఎందుకు చేస్తారో వివరించగలుగుతారు.
- శరీర శ్రమకూ స్త్రీల ఆరోగ్యానికీ ఉన్న సంబంధాన్ని చెప్పగలుగుతారు.
- ఆత్మీయులకు సలహా ఇస్తూ లేఖ రాయగలుగుతారు.

11.1 సంభాషణ

తెలంగాణలోని ఒక ఊరు. నలభై ఆరేళ్ల స్త్రీ ఇంటి అరుగుమీద కూర్చుని బీడీలు చుడుతోంది. ఆశా కార్యకర్త వచ్చింది. వారి మాటలు చదవండి.

ఆశా: వదినా, రేపు ఉపకేంద్రంలో ముప్పై ఏళ్లు దాటిన ఆడవాళ్లకు పరీక్షలున్నయి. బీపీ, షుగరు చూస్తరు. నోరు, రొమ్ము కూడా చూస్తరు. నువ్వు రావాలె.

ఆమె: రేపు బీడీలు అప్పజెప్పాలె. ఇంకా వెయ్యి కాలేదు. అయినా నాకేం రోగముంది?

ఆశా: ఏ ఇబ్బందీ లేదా?

ఆమె: (గొంతు తగ్గించి) ఎడమ రొమ్ముల శనగగింజంత గడ్డ చేతికి తగులుతున్నది. మూడు నెలలాయె. నొప్పి లేదు. నొప్పి లేనిదానికి దవాఖాన ఎందుకు?

ఆశా: నొప్పి లేదని ఊరుకోవద్దు వదినా. క్యాన్సర్ గడ్డ మొదట్ల నొప్పి పెట్టకపోవచ్చు.

ఆమె: క్యాన్సరంటే మా ఇంట్ల పొయ్యి ఆరినట్టే! ఆయనకు ఏమని చెప్పాలె? ఊళ్లె తెలిస్తే ఏమనుకుంటరు?

ఆశా: ముందు అదేందో తెలియాలె గదా. చాలా గడ్డలు క్యాన్సర్ కావు. చూసేది ఆడమనిషే. నేను పక్కనే ఉంట. రేపు ఒక్కరోజు కూలి పోతది, నిజమే. ఆలస్యమైతే ఎన్ని రోజుల కూలి పోతదో నువ్వే లెక్కపెట్టుకో.

ఆమె: (కాసేపు ఆగి) పొద్దున ఎన్ని గంటలకు రావాలె?

11.2 రొమ్ము క్యాన్సర్ అంటే ఏమిటి?

మన శరీరం కణాలతో నిర్మితమైంది. కణాలు ఒక క్రమంలో పెరుగుతాయి. రొమ్ములోని కొన్ని కణాలు ఆ క్రమం తప్పి, అదుపు లేకుండా పెరిగితే అది రొమ్ము క్యాన్సర్. ఇది అంటువ్యాధి కాదు. ఎవరి శాపమూ కాదు. అరుదుగా పురుషులకు కూడా వస్తుంది.

భారతదేశంలో స్త్రీలకు ఎక్కువగా వచ్చే క్యాన్సర్ ఇదే. 2022 సంవత్సరపు అంచనాల ప్రకారం మన దేశంలో సుమారు 1,92,000 మంది స్త్రీలకు కొత్తగా ఈ వ్యాధి వచ్చింది. దాదాపు 98,000 మంది మరణించారు. మన దేశంలో చాలామంది వ్యాధి ముదిరాక వైద్యుని వద్దకు వెళుతున్నారు. సంభాషణలోని స్త్రీ చెప్పిన కారణాలను గమనించండి: కూలి, సిగ్గు, భయం, నొప్పి లేకపోవడం.

11.3 లక్షణాలు

ఈ మార్పులలో ఏది కనిపించినా వెంటనే చూపించుకోవాలి:
- రొమ్ములో గాని చంకలో గాని గడ్డ
- రొమ్ము ఆకారంలో కొత్తగా వచ్చిన మార్పు
- చర్మం సొట్ట పడటం, కమలాపండు తొక్కలా మారడం, ఎర్రబడటం
- చనుమొన లోపలికి పోవడం, పుండు పడటం, రక్తం కారడం

బహిష్టు ఆగిన కొన్ని రోజుల తరువాత రొమ్ములు మెత్తగా ఉంటాయి. అప్పుడు అద్దంలో చూసుకుని, వేళ్ల మెత్తని భాగంతో తడిమి చూసుకుంటే మార్పు తెలుస్తుంది. అయితే ఇది వైద్య పరీక్షకు బదులు కాదు.

11.4 పరీక్షలు

శిక్షణ పొందిన కార్యకర్త మొదట చేతితో పరీక్షిస్తుంది. అనుమానం ఉంటే పెద్దాసుపత్రికి పంపుతారు. అక్కడ మామోగ్రామ్ అనే ఎక్స్‌రే గాని, స్కానింగ్ గాని తీస్తారు. తరువాత సూదితో కొద్దిగా కణజాలం తీసి సూక్ష్మదర్శినితో చూస్తారు. దీనిని బయాప్సీ అంటారు. సూది గుచ్చితే వ్యాధి పాకుతుందని కొందరు భయపడతారు. అది అపోహ. ఈ పరీక్ష లేనిదే సరైన చికిత్స నిర్ణయించలేరు.

చేతి పరీక్ష చిన్నదే. మరి దానివల్ల ప్రయోజనం ఉందా? ముంబయిలో టాటా మెమోరియల్ వైద్యులు 1998లో ఒక పెద్ద అధ్యయనం ప్రారంభించారు. 35 నుండి 64 ఏళ్ల స్త్రీలు సుమారు 1,51,000 మంది అందులో ఉన్నారు. వారిలో సగం మందికి శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకొకసారి చేతితో పరీక్ష చేశారు. ఫలితాలు 2021లో వెలువడ్డాయి. పరీక్ష జరిగిన వారిలో వ్యాధి తొలి దశలోనే బయటపడింది. 50 ఏళ్లు, ఆపైబడిన స్త్రీలలో ఈ వ్యాధి మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. అంతకంటే చిన్నవారిలో మరణాలు అంతగా తగ్గలేదు. కనుక ఏ వయసులోనైనా కొత్త మార్పు కనిపిస్తే పరీక్షల వంతు కోసం ఎదురుచూడకూడదు.

11.5 చురుకుగా ఉందాం

రోజంతా ఒకచోట కూర్చునే పని స్త్రీల ఆరోగ్యానికి మంచిది కాదు. బహిష్టులు ఆగిపోయిన తరువాత శరీరంలోని కొవ్వు ఈస్ట్రోజన్ అనే హార్మోన్‌ను తయారుచేస్తుంది. అది ఎక్కువైతే రొమ్ము క్యాన్సర్ ప్రమాదం పెరుగుతుంది. శరీర శ్రమ కొవ్వును అదుపులో ఉంచుతుంది. బీపీ, షుగరు ఉన్నవారికీ మేలు చేస్తుంది.

వారానికి కనీసం 150 నిమిషాల శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. అంటే వారంలో ఐదు రోజులు, రోజుకు అరగంట వేగంగా నడిస్తే చాలు. నడుస్తూ మాట్లాడగలగాలి, కాని పాట పాడలేనంత ఆయాసం ఉండాలి. పొలం పని, నీళ్లు మోయడం కూడా శ్రమే. కూర్చుని పనిచేసేవారు మధ్యమధ్య లేచి నాలుగడుగులు వేయాలి.

బిడ్డకు పాలివ్వడం కూడా ఈ ప్రమాదాన్ని తగ్గిస్తుంది. కల్లు, సారా వంటివి పెంచుతాయి. ఒక మాట గుర్తుంచుకోండి: శ్రమ ప్రమాదాన్ని తగ్గిస్తుందే గాని పూర్తిగా తొలగించదు. కష్టపడి పనిచేసే స్త్రీకీ గడ్డ రావచ్చు. కాబట్టి నడకా కావాలి, పరీక్షా కావాలి.

మీ ప్రగతిని తెలుసుకోండి

అ) తప్పో ఒప్పో చెప్పండి.
1. నొప్పి లేని గడ్డను పట్టించుకోనక్కరలేదు.
2. రొమ్ములోని ప్రతి గడ్డా క్యాన్సరే.
3. రొమ్ము క్యాన్సర్ అంటువ్యాధి కాదు.

ఆ) 'పొయ్యి ఆరినట్టే' అని ఆమె ఎందుకు అన్నది? మీ మాటల్లో రాయండి.

ఇ) మీ అక్కకు ఇటువంటి గడ్డ వచ్చిందని, ఆమె భయపడుతోందని అనుకోండి. ఆమెకు ధైర్యం చెబుతూ పది వాక్యాల లేఖ రాయండి. ఆమె భయాన్ని తక్కువ చేసి మాట్లాడవద్దు. తోడుగా ఎవరు వెళతారో, ఇంటి పని ఎవరు చూస్తారో కూడా రాయండి.

జవాబులు

అ) 1. తప్పు 2. తప్పు 3. ఒప్పు

ఆ) ఆమె సంపాదన ఆగితే, వైద్యానికి ఖర్చయితే ఇల్లు గడవదని ఆమె భయం. ఇదే భావం మీ జవాబులో ఉంటే సరిపోతుంది.

ఇ) లేఖ రాశాక ఒకసారి పైకి చదవండి. మీ అక్క స్థానంలో మీరుంటే, అది విని మరునాడు బయలుదేరతారా? బయలుదేరతామనిపిస్తే లేఖ బాగున్నట్లే.